జలుబు ఆరో రోజున చీమిడి ఆకుపచ్చగా మారింది: యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా, వేచి చూడాలా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్లు. బడిలో చేర్చి నాలుగు నెలలయింది; ఈ నాలుగు నెలల్లో జలుబు చేయడం ఇది మూడోసారి. ఈసారి మొదటి రెండు రోజులు ముక్కు నీళ్లలా కారింది, మొదటి రాత్రి 100.8 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చి మర్నాటికే పోయింది. నాలుగో రోజుకు చీమిడి చిక్కబడి, ఆరో రోజైన ఇవాళ ఆకుపచ్చగా మారింది. పగలు ఆడుకుంటోంది, తిండి కాస్త తగ్గించినా నీళ్లు బాగానే తాగుతోంది, రాత్రి మాత్రం దగ్గుతో రెండు మూడుసార్లు నిద్ర లేస్తోంది. రంగు మారిందంటే లోపల చీము పట్టినట్టేనని, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది కాబట్టి దాన్నే మొదలుపెట్టమని మా అక్కయ్య గట్టిగా చెబుతున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు, అలాగని ఊరికే కూర్చోవడానికీ మనసొప్పడం లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. పదిహేను రోజుల క్రితం సాయంత్రం వానలో తడిశాను, మర్నాడు ఉదయానికే గొంతు గరగర, తుమ్ములు మొదలయ్యాయి. మిగతావన్నీ తగ్గినా దగ్గు ఇంకా వదలలేదు. ముక్కు దిబ్బడకు ఆక్సీమెటాజొలిన్ స్ప్రే వాడుతున్నాను. తొమ్మిది రోజుల క్రితం రాత్రికొకసారి చాలిన ఆ మందు ఇప్పుడు మూడు నాలుగు గంటలకోసారి కొట్టుకుంటే తప్ప ఊపిరి ఆడనివ్వడం లేదు. మా ఇంట్లో వ్యాధినిరోధక శక్తి తక్కువా, తడవడం వల్లనే జలుబు చేసిందా, నిజంగా పనిచేసే మందు ఏదైనా ఉందా, పాపను వైద్యుని వద్దకు ఎప్పుడు తీసుకువెళ్లాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (పిల్లల వైద్యుడు)

మీరు వర్ణించిన స్థితిలో పాపకు యాంటీబయాటిక్ అవసరం కనిపించడం లేదు. ఫ్రిజ్‌లో మిగిలిన సీసా సంగతి అసలే వద్దు. పాపను చూడకుండా చెబుతున్న మాట కనుక, కింద నేను చెప్పబోయే ప్రమాద సూచనల్లో ఏ ఒక్కటి ఉన్నా ఈ మాటను పక్కన పెట్టి వెంటనే దగ్గరలోని వైద్యునికి చూపించండి.

ముందు ఆ రంగు గురించి. వైరస్ ముక్కు లోపలి పొరలో చేరగానే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలోని తెల్లకణాలు, అందులోనూ న్యూట్రోఫిల్స్ అనేవి, పెద్ద సంఖ్యలో అక్కడికి చేరుకుంటాయి. ఆ కణాలలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని నిర్మాణంలో ఉన్న ఇనుము వల్ల అది స్వభావసిద్ధంగానే ఆకుపచ్చగా ఉంటుంది. పని ముగించిన కణాలు చీమిడిలో కలిసి పోగుపడేకొద్దీ ఆ రంగు పైకి కనబడుతుంది. అంటే మీరు చూస్తున్న పచ్చదనం పాప శరీరం తన వైపు నుంచి పోరాడుతున్నదనడానికి గుర్తే తప్ప, బాక్టీరియా వచ్చి చేరిందనడానికి సాక్ష్యం కాదు. రాత్రంతా ముక్కులో నిలిచిపోయినందువల్ల ఉదయం చీదినప్పుడు ముదురు రంగులోను, మధ్యాహ్నానికి పలచగాను రావడం మీరే గమనించవచ్చు. నీళ్లలా మొదలై, చిక్కబడి, రంగు మారి, మళ్లీ పలచబడి ఆగిపోవడం మామూలు జలుబు నడిచే దారి. ఆరో రోజుకు మీ పాప సరిగ్గా ఆ దారిలోనే ఉంది.

సైనస్‌ల గురించి, అంటే ముక్కు చుట్టూ ముఖం ఎముకలలో ఉండే గాలి గదుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కయ్యగారి భయం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. 1994లో అమెరికాలో జాక్ గ్వాల్ట్‌నీ బృందం మామూలు జలుబుతో ఉన్న 31 మంది పెద్దవారికి సీటీ స్కాన్ తీయగా, 27 మంది సైనస్‌లలో వాపో ద్రవమో కనిపించింది. రెండు వారాల తరువాత మళ్లీ స్కాన్ తీసినవారిలో అత్యధికులకు ఏ యాంటీబయాటిక్ లేకుండానే అది పూర్తిగానో చాలావరకో సర్దుకుంది. కాబట్టి సైనస్‌లో కాస్త ద్రవం చేరడం జలుబులో అంతర్భాగమే. నిజంగా బాక్టీరియా చేరినప్పుడు వ్యవహారం వేరే రకంగా నడుస్తుంది. పది రోజులు దాటినా ఏ మాత్రం మెరుగు లేకపోవడం ఒక తీరు. 102 డిగ్రీలకు మించిన జ్వరం, చిక్కని చీమిడి రెండూ కలిసి వరుసగా మూడు నాలుగు రోజులు ఉండడం ఇంకొకటి. నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది మూడో తీరు: తగ్గుముఖం పట్టిన జలుబు అయిదారు రోజులకు మళ్లీ తిరగబెట్టి, కొత్తగా జ్వరమో ముఖం నొప్పో తేవడం. ఈ మూడింటిలో ఏదీ మీరు రాసినదానిలో లేదు.

ఇక ప్రమాద సూచనలు. పిల్లలలో నేను ముక్కు కన్నా ముందు ఊపిరిని చూస్తాను. పాప నిద్రపోతున్నప్పుడో ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, ఒక నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ప్రకారం నిమిషానికి రెండు నెలల లోపు శిశువులలో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారిలో 50, ఏడాది నుంచి అయిదేళ్ల వారిలో 40, లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడం కిందికి వస్తుంది. జ్వరం ఉన్నప్పుడు ఈ సంఖ్య కాస్త పెరుగుతుంది కనుక, జ్వరం దిగాక మరొకసారి లెక్కపెట్టడం మంచిది. లెక్కతో పాటు డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, పిల్లికూతలు వినబడడం, పెదవులు నీలంగా మారడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, గంటల తరబడి మూత్రం రాకపోవడం, లేపినా మత్తుగా ఉండడం వంటివి కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆగకూడదు. చెవి నొప్పి అని ఏడిస్తే అంత తొందర లేదు, కాని చూపించాలి. ఈ వయసులో జలుబు చెవికి పాకడం తరచుగా జరుగుతుంది. మూడు నెలల లోపు పసిబిడ్డలకు 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం వస్తే, జలుబు కారణమని అనిపించినా సరే, అదే రోజు వైద్యుడు చూడవలసిందే.

రాత్రి దగ్గుకు పడుకునే ముందు అర చెంచా నుంచి ఒక చెంచా తేనె ఇవ్వవచ్చు. దగ్గు మందుల సీసాలతో పోలిస్తే దీనికే మెరుగైన ఆధారం ఉంది. అయితే ఏడాది నిండని శిశువులకు తేనె ఎంత మాత్రం పనికిరాదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన పక్షవాతం వచ్చే అపాయం ఉంది. జ్వరం వల్లనో నొప్పి వల్లనో పాప చికాకు పడుతుంటే పారాసిటమాల్ చాలు. బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల మోతాదులో, ఒక మోతాదుకూ మరొకదానికీ కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండేలా ఇస్తారు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వైరస్ జ్వరంలో దాన్ని ఇస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అనే అరుదైన, తీవ్రమైన జబ్బు రావచ్చు.

వ్యాధినిరోధక శక్తి తక్కువా అని అడిగారు. పెద్దవారికి ఏడాదికి రెండు మూడు జలుబులు, బడికి కొత్తగా వెళ్లే పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది, కొందరికి పది కూడా సాధారణమే. ఒక్కొక్కటి పది పద్నాలుగు రోజులు సాగుతుంది కాబట్టి, ఏడాదిలో కొన్ని నెలలు ఈ పిల్లల ముక్కు కారుతూనే ఉన్నట్టు తల్లిదండ్రులకు అనిపించడంలో వింత లేదు. నిరోధక శక్తి నిజంగా లోపించిన పిల్లలు వేరేగా ఉంటారు: బరువు పెరగరు, న్యుమోనియాలు మళ్లీ మళ్లీ వస్తాయి, ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుంది. జలుబుకూ జలుబుకూ మధ్య మీ పాప హుషారుగా ఉంటూ, బరువు పెరుగుతూ ఉంటే ఆ దిగులు పెట్టుకోనక్కర లేదు.

సమాధానం 2 (సూక్ష్మజీవశాస్త్రం బోధించే సభ్యుడు)

వైద్యులు చెప్పిన తరువాత నేను చికిత్స జోలికి పోను. మీరడిగిన "తడవడం వల్లనే చేసిందా" అన్న ప్రశ్న మాత్రం నాకు చాలా ఇష్టమైనది కాబట్టి దాని గురించి కాస్త విస్తారంగానే రాస్తాను.

జలుబు అనేది ఒక వ్యాధి పేరుగా వినబడుతుంది గాని, అది రెండు వందలకు పైగా వైరస్ రకాలు కలిగించే ఒకే తరహా బాధకు మనం పెట్టుకున్న ఉమ్మడి పేరు. జలుబులలో సగం వరకు, కొన్ని కాలాలలో అంతకన్నా ఎక్కువ, రైనోవైరస్‌ల పని. వాటిలోనే 160కి పైగా రకాలను ఇప్పటివరకు గుర్తించారు. మిగిలినవాటిలో కోవిడ్ రాకముందు నుంచీ మన మధ్య తిరుగుతున్న నాలుగు కరోనావైరస్‌లు, ఆర్‌ఎస్‌వి, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్, 2001లో కనుగొన్న మెటాన్యుమోవైరస్ వంటివి ఉన్నాయి. ఒక రైనోవైరస్ రకం మీద సంపాదించుకున్న రక్షణ మరో రకం ముందు పెద్దగా అక్కరకు రాదు. టీకా తయారు కాకపోవడానికి కూడా ఇదే ప్రధాన కారణం. మీ పాపకు వచ్చినవి మూడు వేర్వేరు వైరస్‌లు అయి ఉండడానికే అవకాశం ఎక్కువ, అంటే ఆమె శరీరం ఒక పాఠాన్ని మూడుసార్లు మరిచిపోలేదు, మూడు పాఠాలు నేర్చుకుంది.

ఇక వాన. రైనోవైరస్ ముక్కులో చేరిన తరువాత లక్షణాలు పైకి రావడానికి సగం రోజు నుంచి మూడు రోజుల వరకు పడుతుంది. మీరు సాయంత్రం తడిసి, ఉదయానికల్లా గొంతు గరగరతో లేచారంటే, తడిసే సమయానికే వైరస్ మీ ముక్కులో ఉండి ఉండవచ్చు. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో 1946లో జలుబు పరిశోధన కోసమే ఒక కేంద్రాన్ని తెరిచి, నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. స్వచ్ఛందంగా వచ్చినవారిని కుటీరాలలో విడివిడిగా ఉంచి, ముక్కులో వైరస్ చుక్కలు వేసి చూసేవారు. క్రిస్టఫర్ ఆండ్రూస్ అక్కడ చేసిన ప్రయోగాలలో కొందరిని వేడి నీళ్ల స్నానం తరువాత తడి బట్టలతో గాలి వీచే నడవలో వణికేదాకా నిలబెట్టి, తడి మేజోళ్లతో తిప్పారు కూడా. చలి ఒక్కటే తగిలినవారికి జలుబు చేయలేదు. వైరస్ చుక్కలు పడినవారికి కూడా చలి వల్ల అది ఎక్కువ కాలేదు. ఆ తరువాత చాలాకాలం పాఠ్యపుస్తకాలు చలికీ జలుబుకూ సంబంధం లేదని తేల్చి చెప్పాయి.

అయితే 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎక్లిస్, క్లెయిర్ జాన్సన్ 180 మందిని తీసుకుని, సగం మంది పాదాలను 20 నిమిషాల పాటు చల్లని నీళ్లలో ఉంచారు. తరువాతి నాలుగైదు రోజులలో పాదాలు చల్లబరుచుకున్న 90 మందిలో 13 మంది, మిగిలిన 90 మందిలో 5 మంది జలుబు లక్షణాలు వచ్చాయని చెప్పారు. ముక్కులో వైరస్ ఉన్నదీ లేనిదీ పరీక్షించలేదు గనుక ఇది తుది తీర్పు కాదు. ఆ పరిశోధకుల ఊహ ఏమిటంటే, అప్పటికే లోపల గుట్టుగా ఉన్న వైరస్ చలికి ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుని రక్షణ సడలినప్పుడు లక్షణాలతో బయటపడుతుంది. రైనోవైరస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఒంటి లోపలి వేడి కన్నా చల్లగా ఉండే ముక్కులో, బాగా పెరుగుతుంది. 2015లో ఎలుకల శ్వాసనాళ కణాలపై యేల్ విశ్వవిద్యాలయం చేసిన పని కూడా చల్లని ఉష్ణోగ్రతలో కణాల తొలి రక్షణ మందగిస్తుందని చూపింది. నా అభిప్రాయంలో పెద్దవాళ్ల మాట పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. వైరస్ లేనిదే ఎంత తడిసినా జలుబు చేయదు. వైరస్ అప్పటికే ఉంటే తడవడం దానికి కాస్త తోడు పడవచ్చు.

అది ఎలా అంటుతుందన్న విషయంలోనూ ఇలాంటి తగవే నడిచింది. 1970లలో వర్జీనియాలో జరిగిన ప్రయోగాలలో చేతుల ద్వారా బాగా అంటుకుని, గాలి ద్వారా దాదాపు అంటుకోలేదు. 1987లో విస్కాన్సిన్ పరిశోధకులు జలుబు ఉన్నవారిని, లేనివారిని కలిపి గంటల తరబడి పేకాట ఆడించి, ఆరోగ్యవంతులలో కొందరి చేయి ముఖానికి అందకుండా కట్టు ఏర్పాటు చేశారు. ముఖం ముట్టుకోలేనివారికి కూడా ఇంచుమించు మిగతావారితో సమానంగా జలుబు అంటింది. చీమిడి అంటిన ఆ పేకముక్కలనే పక్క గదిలో ఆరోగ్యవంతుల చేత ఆడించి, ముక్కు, కళ్లు రుద్దుకోమన్నప్పుడు మాత్రం ఒక్కరికీ అంటలేదు. రెండు దారులూ ఉన్నాయనే ఇప్పుడు అందరూ అంగీకరిస్తున్నారు. కాబట్టి చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవడం ఎంత అవసరమో, గదిలో గాలి ఆడనివ్వడం కూడా అంతే అవసరం. చేతులు పదేపదే కడుక్కుంటూ తలుపులన్నీ మూసుకుని కూర్చునే ఇళ్లను నేను చాలా చూశాను.

నిద్ర సంగతి చెప్పి ముగిస్తాను. 2015లో షెల్డన్ కోహెన్ బృందం 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం పాటు మణికట్టు పరికరంతో కొలిచి, తరువాత ముక్కులో రైనోవైరస్ చుక్కలు వేసింది. రాత్రికి ఏడు గంటలకు మించి నిద్రపోయినవారితో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయినవారికి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. నాలుగేళ్ల పాప రాత్రికి మూడుసార్లు లేపే ఇంట్లో ఈ సలహా ఎంతవరకు అమలవుతుందో నాకు తెలియనిది కాదు.

సమాధానం 3 (ఔషధ నిపుణురాలు)

మీ ముక్కు దిబ్బడ ఇప్పుడు జలుబు వల్ల కాదు, ఆ స్ప్రే వల్ల. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ వంటివి ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను నిమిషాలలో ముడుచుకునేలా చేస్తాయి. అందుకే అవి అంత హాయిగా ఉంటాయి. మూడు నుంచి అయిదు రోజులు దాటాక ప్రభావం తగ్గగానే ఆ నాళాలు ముందుకన్నా ఎక్కువగా ఉబ్బుతాయి. మళ్లీ కొట్టుకోవాలనిపిస్తుంది, వ్యవధి తగ్గుతూ పోతుంది. మీరు రాసిన "రాత్రికొకసారి" నుంచి "మూడు నాలుగు గంటలకోసారి" వరకు జరిగింది ఇదే. విడిపించుకోవడానికి చాలామందికి సులువైన మార్గం, ముందు ఒక ముక్కుపుటంలో పూర్తిగా మానేసి, అది తెరుచుకున్నాక రెండోదానిలో మానేయడం. మొదటి కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది. ఆ కాలంలో ఉప్పునీటి స్ప్రే వాడండి, తలవైపు కాస్త ఎత్తు పెట్టుకుని పడుకోండి, ఎందుకంటే వెల్లకిలా పడుకున్నప్పుడు ముక్కులోని సిరలలో రక్తం నిండి దిబ్బడ పెరుగుతుంది. వారంలో దారికి రాకపోతే వైద్యుడు స్టెరాయిడ్ నాసికా స్ప్రే రాసి ఇస్తారు.

ఫ్రిజ్‌లోని సీసా గురించి వైద్యులు వద్దన్నారు. ఎందుకో నేను చెబుతాను. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే యాంటీబయాటిక్ సిరప్‌లు కలిపిన తరువాత మందును బట్టి వారం నుంచి రెండు వారాల వరకే నిలుస్తాయి. అమాక్సిసిలిన్ అయితే ఫ్రిజ్‌లో పెట్టినా 14 రోజులు. ఆ పైన దాని బలం ఎంతో ఎవరూ చెప్పలేరు. అసలు పోయినసారి అది మిగిలిందంటే, రాసిన రోజులన్నీ వేయలేదన్న మాట. అదీ ఆలోచించవలసిన విషయమే.

దుకాణాలలో జలుబు మాత్రలుగా దొరికేవాటిలో ఎక్కువ భాగం రెండు మూడు మందుల మిశ్రమాలు. వాటిలో పారాసిటమాల్ తరచుగా ఉంటుంది. తలనొప్పికి విడిగా మరో పారాసిటమాల్, రాత్రి జ్వరం మందు పేరుతో ఇంకొకటి వేసుకునేవారు తెలియకుండానే రోజుకు 4 గ్రాముల పరిమితి దాటి కాలేయాన్ని ప్రమాదంలో పెడతారు. కొనేటప్పుడు పేరు కాదు, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మందుల పట్టీ చదవండి. ఆ పట్టీలో ఫినైల్‌ఎఫ్రిన్ అని ఉంటే, నోటి ద్వారా తీసుకున్నప్పుడు అది ముక్కు దిబ్బడకు పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు చెందిన నిపుణుల సంఘం 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. మరుసటి ఏడాది ఆ సంస్థ దాన్ని తొలగించాలని ప్రతిపాదించింది కూడా. నిద్రమత్తు కలిగించే పాత తరం అలర్జీ మందులు మొదటి ఒకటి రెండు రోజులు ముక్కు కారడాన్ని కొద్దిగా తగ్గిస్తాయి; మత్తు కలిగించని కొత్తవి జలుబులో అంతగా ఉపయోగపడవు. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఈ మిశ్రమాలు ఏవీ ఇవ్వకూడదు, ఆ పైన కూడా నేను ప్రోత్సహించను.

విటమిన్ సి గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. 1970లో లైనస్ పాలింగ్ అంతటి శాస్త్రవేత్త దాన్ని భుజాన వేసుకోవడంతో ఆ నమ్మకం ప్రపంచమంతా పాకింది. ఒక విషయంపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష ప్రకారం రోజూ క్రమం తప్పక తీసుకునేవారిలో జలుబు కాలం పెద్దలలో 8 శాతం, పిల్లలలో 14 శాతం తగ్గింది; అంటే పది రోజుల జలుబు ఒక రోజు ముందుగా ముగిసిందన్న మాట. మారథాన్ పరుగు తీసేవారి వంటి తీవ్ర శ్రమ చేసేవారికి తప్ప మిగతావారికి అది జలుబును రాకుండా ఆపలేదు. జలుబు మొదలయ్యాక వేసుకుంటే నిలకడైన ప్రయోజనం కనబడలేదు. జింక్ బిళ్లలు వ్యవధిని కాస్త తగ్గించవచ్చుననడానికి బలహీనమైన ఆధారాలున్నాయి, నోట్లో లోహపు రుచి, వికారం మాత్రం తప్పవు. ముక్కులో వేసుకునే జింక్ జెల్ జోలికి పోవద్దు. వాసన తెలిసే శక్తి పోయిన ఫిర్యాదులు రావడంతో 2009లో అమెరికా నియంత్రణ సంస్థ దానిపై హెచ్చరిక జారీ చేసింది.

పాపకు, మీకు ఇద్దరికీ ఉపయోగపడే సాదా మందు ఉప్పునీరు. ముక్కును ఉప్పునీటితో కడిగే పద్ధతి అనుసరిస్తే మరగబెట్టి చల్లార్చిన నీటినో, డిస్టిల్డ్ వాటర్‌నో మాత్రమే వాడాలి, కుళాయి నీరు నేరుగా వాడకూడదు. చీదేటప్పుడు ఒక్కొక్క పుటాన్నే, మెల్లగా. గట్టిగా చీదితే ముక్కులోని ద్రవం ఎదురు సైనస్‌లలోకి వెళుతుంది.

సమాధానం 4 (మరొక సభ్యురాలు)

ఇంత వివరంగా రాసినవారు ఆవిరి పట్టడం గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మందులన్నీ పనిచేయవని చెప్పి, అనుభవంలో పనిచేసేదాన్ని వదిలేస్తే ఎలా? నాకు పది నిమిషాలు ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుంది, తల తేలికపడుతుంది. దానికి పరిశోధన కావాలా? అయినా మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని పెద్దలు ఎప్పుడో అన్నారు.

సమాధానం 5 (పిల్లల వైద్యుడు)

మీకు హాయిగా ఉండడాన్ని నేను కాదనడం లేదమ్మా. పెద్దవారు జాగ్రత్తగా పట్టుకుంటే ఆ కాసేపటి ఉపశమనం నిజమే. అది జలుబును త్వరగా తగ్గిస్తుందా అని చూసిన పరీక్షలలో మాత్రం నిలకడైన ఫలితం రాలేదు. మరుగుతున్న నీళ్ల గిన్నె ఒళ్లో పడి తొడలు, పొట్ట కాలిన పిల్లలకు నేను స్వయంగా కట్లు కట్టాను. అందువల్ల పిల్లల చేత గిన్నె మీద ఆవిరి పట్టించవద్దని నా గట్టి మాట.

ఆ వారం, ఏడు రోజుల మాట ముక్కు వరకు నిజమేగాని దగ్గుకు వర్తించదు. 2013లో మార్క్ ఎబెల్ బృందం పెద్దవారిని విచారిస్తే, దగ్గు వారం నుంచి తొమ్మిది రోజులలో తగ్గుతుందని వారు అనుకుంటున్నట్టు తేలింది. పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కవేస్తే అసలు సగటు దాదాపు 18 రోజులు. ఈ రెండింటి మధ్య ఉన్న ఆ పది రోజుల తేడాలోనే లోకంలోని అనవసరపు యాంటీబయాటిక్ చీటీలు చాలావరకు రాయబడుతున్నాయని నా అనుభవం. వైరస్ వెళ్లిపోయినా శ్వాసనాళాల లోపలి పొర మానడానికి, అక్కడి నరాల అతి స్పందన తగ్గడానికి సమయం పడుతుంది. ప్రశ్న అడిగినవారి పదిహేను రోజుల దగ్గు ఆ లెక్కలోపలే ఉంది. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, బరువు తగ్గుతున్నా, మూడు వారాలు దాటినా పరీక్ష చేయించుకోండి. పొగ తాగే అలవాటుంటే, ఉబ్బసం ఉంటే అంతవరకు కూడా ఆగవద్దు.

ప్రశ్న అడిగినవారు (అయిదు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ఆ రాత్రే పాప ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 26 వచ్చింది. ఆ సంఖ్య చూశాక నాకూ, దాన్ని చెప్పాక మా అక్కయ్యకూ కాస్త స్థిమితం కలిగింది. పాత సీసా పారవేశాం. ఎనిమిదో రోజుకు చీమిడి తెల్లబడింది, ఇవాళ ముక్కు పొడిగా ఉంది, దగ్గు పడుకోబోయే ముందు మాత్రమే వస్తోంది. నా విషయంలో కుడి ముక్కుపుటం నాలుగో రోజుకు తెరుచుకుంది, నిన్నటి నుంచి ఎడమవైపు కూడా స్ప్రే మానేశాను. రాత్రి నోటితో ఊపిరి తీసుకోవలసి వచ్చింది గాని భరించగలిగాను.

ఒక్క సందేహం మిగిలింది. దగ్గు పూర్తిగా తగ్గేదాకా పాపను బడికి పంపవద్దా? తోటి పిల్లలకు అంటించిన పాపం మాకెందుకని ఆగాను.

సమాధానం 6 (పిల్లల వైద్యుడు)

పంపవచ్చు. లక్షణాలు బయటపడడానికి కాస్త ముందు నుంచి, మొదటి రెండు మూడు రోజుల వరకు జలుబు అన్నిటికన్నా ఎక్కువగా అంటుతుంది. పాప వల్ల ఎవరికైనా అంటవలసి ఉంటే ఆ రోజులలోనే అంటి ఉంటుంది, అదే విధంగా ఆమెకూ ఎవరో ఇచ్చారు. ఆ తరువాత కూడా కొందరు పిల్లల ముక్కులో రెండు వారాల వరకు వైరస్ జాడలు కనిపిస్తాయి గనుక, పూర్తిగా పోయేదాకా ఆపాలంటే ఏ పిల్లా బడిలో మిగలదు. జ్వరం లేకుండా, రోజంతా ఆడుకునే ఓపిక ఉంటే చాలు. మోచేతి మడతలో తుమ్మడం, చీదాక చేతులు కడుక్కోవడం నేర్పి పంపండి. నాలుగేళ్ల పిల్లలు ఈ రెండింటినీ ఆటగా నేర్చుకుంటారు.

రాత్రి దగ్గు ఇంకో వారం పది రోజులు ఉండవచ్చు. మొదలైన తేదీని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఆ తేదీ నుంచి నాలుగు వారాలు దాటినా, పరుగెత్తినప్పుడు, నవ్వినప్పుడు దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా, ఉబ్బసం ఉందేమో చూడాలి, అప్పుడు వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.